సస్టెయినబుల్ ఎనర్జీలో పీజీ: ఏం కొలవాలి, ఎవరి రూపాయి లెక్కెయ్యాలి

తిరుపతి, చిత్తూరు వైపు బీటెక్ మెకానికలో, ట్రిపుల్‌ఈనో, ఎమ్మెస్సీ ఫిజిక్సో పూర్తి చేసినవాళ్లు రెన్యువబుల్ ఎనర్జీ, సస్టెయినబుల్ డెవలప్‌మెంట్ పీజీల గురించి అడిగేటప్పుడు ముందు కాలేజీ పేరే అడుగుతారు. తర్వాత ఫీజు, ప్యాకేజీ. అవి అడగాల్సినవే, కాదనను. కానీ ఈ సబ్జెక్టులో డిగ్రీ విలువ తేలేది థీసిస్ దగ్గర. సాఫ్ట్‌వేర్‌లో నాలుగు అంకెలు కొట్టి గ్రాఫులు తీసిన థీసిస్‌కీ, ఒక బోరు మోటరో బాయిలరో తీసుకుని కొలిచి రాసిన థీసిస్‌కీ ఇంటర్వ్యూలో రెండు నిమిషాల్లో తేడా తెలిసిపోతుంది. అందుకే కాలేజీ వెతికేటప్పుడే "నేను ఏం కొలవబోతున్నాను" అన్న ప్రశ్న కూడా పక్కన పెట్టుకోండి.

ఈ చదువులో ప్రతి లెక్కకీ రెండు సగాలుంటాయి. మొదటిది కిలోవాట్ల సగం: ఎంత శక్తి లోపలికి పోయింది, ఎంత పనిగా బయటికి వచ్చింది. రెండోది రూపాయల సగం: ఆ ఖర్చు ఎవరు పెట్టారు, మిగిలింది ఎవరి జేబులోకి పోయింది. కోర్సు పేరులో "డెవలప్‌మెంట్" అనే మాట ఉన్నది ఈ రెండో సగం కోసమే. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో మొదటి సగం ఎంతో కొంత నేర్పుతారు, రెండోది దాదాపు నేర్పరు.

కోర్సుల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే నోటిఫికేషన్లు ఏటా మారుతుంటాయి. ఎం.టెక్‌కి ప్రధాన ద్వారం గేట్. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గేట్‌తో ఏఐసీటీఈ స్కాలర్‌షిప్ మీద చేరితే నెలకి 12,400 రూపాయలు వస్తాయి. గేట్ లేకపోతే మన రాష్ట్రంలో పీజీఈసెట్ ఉంది. ఐఐటీ బొంబాయిలో ఎనర్జీకి ప్రత్యేకంగా ఒక డిపార్ట్‌మెంటే ఉంది. ఢిల్లీలో టెరి స్కూల్ రెన్యువబుల్ ఎనర్జీలో ఎం.టెక్ నడుపుతుంది. మనకి దగ్గరలో చూస్తే పాండిచ్చేరి యూనివర్సిటీలో గ్రీన్ ఎనర్జీ టెక్నాలజీ, చెన్నై అన్నా యూనివర్సిటీలో ఎనర్జీ ఇంజినీరింగ్ ఉన్నాయి. చిత్తూరు నుంచి ఈ రెండూ ఒక పగటి ప్రయాణంలోపే. థీసిస్ మన జిల్లాలో చేయాలనుకునేవాళ్లకి ఆ దగ్గరతనం చాలా పనికొస్తుంది.

బయటి దేశాలకి వెళ్లేవాళ్లు ముందు కోర్సు కాలం చూడాలి. బ్రిటన్‌లో ఎమ్మెస్సీ ఒక్క ఏడాది. మొత్తం 180 క్రెడిట్లలో మామూలుగా 60 డిసర్టేషన్‌వి, అదీ జూన్ నుంచి సెప్టెంబరు లోపు ముగించాలి. లఫ్‌బరాలో సోలార్, విండ్ వ్యవస్థల మీద ఎప్పటినుంచో పేరున్న కోర్సు ఉంది. జర్మనీలో రెండేళ్లు, 120 క్రెడిట్లు, చివరి సెమిస్టరంతా థీసిస్. ఓల్డెన్‌బర్గ్ యూనివర్సిటీ 1987 నుంచి రెన్యువబుల్ ఎనర్జీలో పీజీ నడుపుతోంది, మనలాంటి దేశాల విద్యార్థులని దృష్టిలో పెట్టుకుని మొదలుపెట్టిన కోర్సు అది. జర్మన్ యూనివర్సిటీల సంఘం డాడ్ (DAAD) అభివృద్ధికి సంబంధించిన పీజీ కోర్సులకి ఇచ్చే స్కాలర్‌షిప్‌కి కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతుంది. బీటెక్ అవగానే దరఖాస్తు పెట్టి నిరాశ పడేవాళ్లు ఎక్కువ. ఆ రెండేళ్లు ఒక సోలార్ ఇన్‌స్టాలేషన్ కంపెనీలోనో, ఎనర్జీ ఆడిట్ చేసే సంస్థలోనో పని చేసి అప్పుడు పెట్టడం మేలు.

ఏ కోర్సైనా సిలబస్ తెరిచి మూడు విషయాలు చూడండి. ల్యాబ్ గంటలు ఎన్ని? ఎకనామిక్స్ పేపరు తప్పనిసరా, ఆప్షనలా? థీసిస్‌కి ఎన్ని క్రెడిట్లు, బయట చేయనిస్తారా? పేర్లలో ఎంత ఆకర్షణ ఉన్నా ఈ మూడూ బలహీనంగా ఉంటే నా దృష్టిలో ఆ కోర్సు దండగ.

ఇక అసలు పనికి వద్దాం. మన జిల్లాల్లో కొలవడానికి దొరికే వాటిలో అన్నిటికంటే మంచిది బోరు మోటరు. రాతి నేల, లోతు బోర్లు, పగటి పూట తొమ్మిది గంటల ఉచిత కరెంటు. నీళ్లు, కరెంటు, అప్పు మూడూ కలిసేది అక్కడే.

కొలవాల్సినవి మూడే: నీటి ప్రవాహం, ఎత్తు, కరెంటు. ప్రవాహానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. రెండొందల లీటర్ల డ్రమ్ము, స్టాప్‌వాచ్ చాలు. కానీ డ్రమ్ము మీద రాసిన అంకెని నమ్మొద్దు. అంచు దాకా నింపితే రెండొందల కంటే ఎక్కువే పడుతుంది. ముందే కొలిచిన బక్కెట్‌తో నీళ్లు పోసి 200 లీటర్ల దగ్గర పెయింటుతో గీత పెట్టుకోండి. మోటరు వేసిన వెంటనే కొలిస్తే ఎక్కువ ప్రవాహం కనబడుతుంది, ఎందుకంటే అప్పటికి బోరులో నీటిమట్టం ఇంకా దిగలేదు. కనీసం ముప్పావుగంట ఆడనిచ్చి, వరసగా తీసిన మూడు కొలతలు ఒకేలా వచ్చాకే నోట్ చేసుకోండి. రైతు "రెండించుల నీళ్లు" అంటే అది పైపు సైజు లెక్క, ప్రవాహం కాదు. అదే పైపులోంచి సగం నీళ్లే రావచ్చు.

ఎత్తు కొలవడం ఇందులో కష్టమైన పని. కావాల్సింది బోరు లోతు కాదు, మోటరు ఆడుతున్నప్పుడు నీటిమట్టం ఎక్కడుందో అది. రెండు కోర్ల సన్నని వైరు చివర చిన్న బరువు కట్టి, పైన మల్టీమీటరు పెట్టి దించితే నీటిని తాకగానే రీడింగు మారుతుంది. ఐదు మీటర్లకోసారి టేపుతో గుర్తులు వేసుకోండి. ఇక్కడే పని చెడేది: మోటరు కేబులుకీ పైపు జాయింట్లకీ వైరు చిక్కుకుంటుంది. గట్టిగా లాగితే తెగి బోరులో పడిపోతుంది, రైతు మళ్లీ పైపులెత్తాల్సి వస్తుంది. కేసింగు మూతలో విడిగా కంత ఉన్న బోరునే ఎంచుకోండి, చిక్కితే నెమ్మదిగా తిప్పుతూ తీయండి, మొండికేస్తే ఆ బోరు వదిలేయండి. కేసింగు గోడల వెంట కారే నీళ్లు కూడా వైరుని తడిపి తప్పు మట్టం చూపిస్తాయి. రీడింగు మారిన చోట వైరుని ఒక మీటరు మేర పైకీ కిందికీ ఆడించి చూస్తే తేడా తెలుస్తుంది.

ఆ మట్టానికి పైపులో రాపిడి కలపాలి. సెకనుకి ఒకటిన్నర లీటరు నీళ్లు 50 మిల్లీమీటర్ల పైపులో పోతుంటే, కొత్త పైపులో ప్రతి 100 మీటర్లకీ దాదాపు ఒకటిన్నర మీటరు పోతుంది, తుప్పు పట్టిన పాత జీఐ పైపులో 2.7 మీటర్ల దాకా. అదే 40 మిల్లీమీటర్ల పాత పైపైతే 8 మీటర్లు. సన్న పైపు చవకని వేసుకున్న చోట ఏం జరుగుతుందో ఈ ఒక్క అంకె చెబుతుంది. డ్రిప్పు ఉంటే గేటు వాల్వు దగ్గర ప్రెషర్ గేజీ పెట్టండి, చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ ప్రెషర్ అంటే 10 మీటర్ల ఎత్తు.

కరెంటు దగ్గర విద్యార్థులు ఎక్కువగా పొరబడేది క్లాంప్ మీటరుతో. అది చూపించేది ఆంపియర్లే. 380 వోల్టులు, 12 ఆంపియర్లు, మూడు ఫేజులు అంటే 7.9 కేవీఏ. పవర్ ఫ్యాక్టరు (కేవీఏలో నిజంగా పనికొచ్చే వాటా) 0.82 ఉంటే అసలు కిలోవాట్లు 6.5. ఫ్యాక్టరు మర్చిపోతే సామర్థ్యం 34 శాతం రావాల్సిన చోట 28 వస్తుంది, రిపోర్టంతా తప్పు. పవర్ ఎనలైజర్ దొరికితే అదే వాడండి. మీటరున్న సర్వీసైతే దాని మీది ఎర్రలైటు మిణుకులు లెక్కపెట్టొచ్చు. యూనిట్‌కి 800 ఇంపల్సులని రాసి ఉండి, 100 మిణుకులకి 69 సెకన్లు పడితే 6.5 కిలోవాట్లు. ఈ పనులన్నీ ఎలక్ట్రీషియన్ పక్కన ఉన్నప్పుడే చేయాలి. తడి నేల మీద నిలబడి, కరెంటున్న స్టార్టరు డబ్బా మీరు తెరవొద్దు. క్లాంపు ఇన్సులేషను బాగున్న వైరుకే వేయండి. వోల్టేజీ మూడు ఫేజుల్లోనూ విడివిడిగా రాసుకోండి, పల్లె లైన్లలో తేడా ఎక్కువ, మోటర్లు కాలడానికి అదొక పెద్ద కారణం.

ఇప్పుడు లెక్క. నీటిమట్టం 140 మీటర్లు, రాపిడి 4, డ్రిప్పు ప్రెషరు 5, నేల మీద ఎత్తు 1, మొత్తం 150. ప్రవాహం సెకనుకి 1.5 లీటర్లు. 9.81ని 1.5తో, 150తో గుణించి వెయ్యితో భాగిస్తే 2.2 కిలోవాట్లు, నీటికి అందిన పని ఇది. మోటరు తీసుకున్నది 6.5. సామర్థ్యం 34 శాతం. ఇంకోలా చెప్పాలంటే వెయ్యి లీటర్లకి 1.2 యూనిట్లు. దీని పక్కన ఎర్రర్ కూడా రాయాలి. ప్రవాహంలో రెండు శాతం, కరెంటులో రెండు, టైమింగులో ఒకటిన్నర, ఎత్తులో ముప్పావు శాతం అనిశ్చితి ఉంటే, వాటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే మూడు శాతం పైచిలుకు. అంటే 34కి ఒకటి అటూఇటూ. ఈ ఒక్క వాక్యం రాసిన థీసిస్‌ని ఎగ్జామినర్ వేరే కళ్లతో చూస్తారు.

చాలామంది ఇక్కడిదాకా బాగానే వస్తారు. తర్వాతి పేజీలో "మంచి పంపు వేస్తే సామర్థ్యం 45 శాతమవుతుంది, 1.6 కిలోవాట్లు ఆదా, రోజుకి 9 గంటలు, ఏడాదికి 200 రోజులు, యూనిట్ 7 రూపాయలు, రైతుకి ఏటా 20 వేలు మిగులు" అని రాసేస్తారు. ఆ రైతు కరెంటు బిల్లే కట్టడం లేదు. ఆయనకి మిగిలేది సున్నా. ఆ 20 వేలు మిగిలితే మిగిలేది సబ్సిడీ భరించే ప్రభుత్వానికి, సరఫరా చేసే డిస్కంకి. రూపాయల సగం అంటే ఇదే. పేబ్యాక్ (పెట్టిన డబ్బు తిరిగొచ్చే కాలం) అని రాసిన ప్రతిచోటా "ఎవరికి" అన్న మాట పక్కన రాయండి. రైతుకి అసలు ఖర్చు మోటరు కాలినప్పుడు: పైపులెత్తే కూలి, వైండింగు, ఆ వారం రోజులు ఎండిన పంట. కాబట్టి ఏడాదికి ఎన్నిసార్లు కాలింది, ఒక్కోసారికి ఎంత ఖర్చయింది, ఎన్ని రోజులు నీళ్లు ఆగాయి అని అడిగి రాసుకుంటే, మంచి పంపు రైతుకి లాభమో కాదో అప్పుడు తెలుస్తుంది. చవగ్గా, పలచగా వైండింగు చేయించిన మోటరు సామర్థ్యం మరింత పడిపోతుందన్న సంగతి కూడా అక్కడే బయటపడుతుంది.

ఇంకో మెలిక ఉంది. అదే హార్స్‌పవర్‌లో మంచి పంపు పెడితే కరెంటు తగ్గదు, నీళ్లు ఎక్కువొస్తాయి. నీళ్లు ఎక్కువ లాగితే మట్టం ఇంకా దిగుతుంది, ఎత్తు పెరుగుతుంది, ఆదా కాగితం మీదే ఉండిపోతుంది. ఆదా కావాలంటే ప్రవాహం అలాగే ఉంచి హార్స్‌పవర్ తగ్గించాలి, దానికి రైతు ఒప్పుకోవడానికి కారణం కావాలి. పీఎం కుసుమ్ కింద ఇచ్చే సోలార్ పంపులకీ ఇదే వర్తిస్తుంది. ఎండ ఉన్నంతసేపూ ఖర్చు లేకుండా నీళ్లొస్తుంటే ఆపేదెవరు? భూగర్భజలాల కోసం 2002లోనే వాల్టా చట్టం వచ్చింది, అయినా బోర్లు లోతుకి పోతూనే ఉన్నాయి. మిగిలిన కరెంటుని గ్రిడ్‌కి అమ్ముకునే ఏర్పాటు ఉంటే నీళ్లు తోడటం తగ్గుతుందా అనేది నిజంగా మంచి థీసిస్ ప్రశ్న.

ఆటో స్టార్టర్లని కూడా గమనించండి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక రైతులు ఆటోలో పెట్టేస్తారు. కరెంటు రాగానే ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటర్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి, వోల్టేజీ పడిపోతుంది, ఫ్యూజులు పోతాయి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లాగర్ (కొలతల్ని తనంతట తానే రాసుకునే పరికరం) పెట్టి మొదటి పది నిమిషాలు సెకను సెకనుకీ రికార్డు చేస్తే చూడదగ్గ గ్రాఫు వస్తుంది. మన ప్రాంతపు డిస్కం ఏపీఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది కాబట్టి ఫీడర్ డేటా కోసం హెచ్‌ఓడీ సంతకంతో ఉత్తరం పట్టుకుని నేరుగా వెళ్లి అడగొచ్చు.

సోలార్‌కి వస్తే, అందరూ ఎంచుకునే అంశం కాబట్టి జాగ్రత్తగా ఎంచుకోవాలి. తిరుపతి అక్షాంశం దాదాపు 13.6 డిగ్రీలు. ఏప్రిల్ చివరి వారంలో, మళ్లీ ఆగస్టు మూడో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ మధ్య కాలంలో మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరాన ఉంటాడు. "దక్షిణం వైపు వాలు" అని పుస్తకంలో చదివినవాళ్లకి మే నెలలో కొలతలు విచిత్రంగా అనిపించేది అందుకే. ఏడాది మొత్తానికి చూసుకుంటే 13 నుంచి 15 డిగ్రీల దక్షిణపు వాలే సరి. సూర్యుడు నడిమింటికి వచ్చే సమయం కూడా 12 గంటలు కాదు. తిరుపతి రేఖాంశానికి సగటున 12:12, ఫిబ్రవరిలో 12:26 దాకా పోతుంది, నవంబరు మొదట్లో 11:56కే వస్తుంది. నీడ లెక్కలు వేసేటప్పుడు ఇది పట్టించుకోకపోతే వాటర్ ట్యాంకు నీడ ఎక్కడ పడుతుందో తప్పు చెబుతారు.

ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత దగ్గరవి. మే నెలలో గాలి 40 డిగ్రీలుంటే, పూర్తి ఎండలో సెల్ 71 డిగ్రీల దాకా పోతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున 16 శాతం పవర్ అక్కడే పోయింది. ఎండ ఎక్కువున్న నెలే ఎక్కువ కరెంటిచ్చే నెల కావాలని లేదు. కొలవాలంటే ప్యానెల్ వెనక మధ్య సెల్ మీద థర్మోకపుల్‌ని అల్యూమినియం టేపుతో అంటించండి. అంచు దగ్గర పెడితే చల్లగా చూపిస్తుంది. అసలు సెల్ వెనకవైపు కంటే రెండు మూడు డిగ్రీలు వేడిగా ఉంటుంది. పైరనోమీటరుని (ఎండ తీవ్రత కొలిచే పరికరం) తప్పనిసరిగా ప్యానెల్ వాలులోనే పెట్టండి. దాన్ని సమతలంగా పెట్టి, వాలులో ఉన్న ప్యానెల్‌తో పోల్చడం ల్యాబుల్లో పదే పదే కనిపించే తప్పు.

మన దగ్గర ఒక కిలోవాట్‌కి రోజుకి సగటున నాలుగు యూనిట్లకి కాస్త అటూఇటూగా వస్తాయి. చదరపు మీటరుకి ఎండ 5.4 యూనిట్లు పడి, 4.1 యూనిట్లు వస్తే పెర్ఫార్మెన్స్ రేషియో 76 శాతం. అది 65కి పడిపోతే మురికో, నీడో, ఇన్వర్టరో చూడాలి. క్వారీలు, క్రషర్లు ఉన్న చోట దుమ్ము ఎక్కువ. బోరు నీళ్లతో కడిగి అలాగే ఆరనిస్తే తెల్లటి ఉప్పు పొర కట్టి గ్లాసుని పట్టేస్తుంది, తర్వాత రుద్దినా పోదు. పొద్దున్నే ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు కడిగి, రబ్బరు వైపరుతో నీళ్లు లాగేయాలి. మధ్యాహ్నం కాలుతున్న గ్లాసు మీద చల్లటి నీళ్లు కొట్టకూడదు, పగలొచ్చు.

నాసా ఇచ్చే 'పవర్' అనే ఎండ, వాతావరణ డేటాని గుడ్డిగా వాడొద్దు. అందులో ఎండ డేటా ఒక డిగ్రీకి ఒక డిగ్రీ గడి, అంటే నూరు కిలోమీటర్లకి పైగా వెడల్పు. కింద తిరుపతి, 850 మీటర్ల ఎత్తున తిరుమల ఒకే గడిలోకి వచ్చేస్తాయి. కొండ మీద మబ్బు పట్టి కింద ఎండ కాసే రోజులు అందులో కనబడవు. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం ఉంది, మీ గైడ్ ద్వారా అక్కడ అడిగి చూడండి. కనీసం ఒక నెల సొంత కొలతలతో పోల్చి, తేడా ఎంతో రాయండి.

ఇక్కడ కూడా రూపాయల సగం ఉంది. మూడు కిలోవాట్ల సిస్టమ్ 1.98 లక్షలనుకుందాం. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు పోగా 1.2 లక్షలు. 25 ఏళ్లు, 8 శాతం వడ్డీ, ఏటా 1,500 నిర్వహణ, ఏటా 4,350 యూనిట్లు. ఇంటివాళ్లకి యూనిట్ 2.93 రూపాయలు పడుతుంది. సబ్సిడీ కలిపితే 4.61. ఆ రెంటి మధ్య 1.68 అందరి పన్నుల్లోంచి వస్తోంది. ఏసీలు వాడే ఇల్లు పై శ్లాబులో కడుతుంది కాబట్టి దానికి రెండు లెక్కల్లోనూ లాభమే. మొదటి శ్లాబులో ఉన్న ఇంటికి డిస్కం కరెంటే 2.93 కంటే చవక. అంటే సబ్సిడీ డబ్బు ఎక్కువ వాడేవాళ్ల వైపే పోతుంది. దీన్ని మీ థీసిస్‌లో ఒక కాలనీ బిల్లులు తీసుకుని శ్లాబుల వారీగా చూపించొచ్చు.

సాఫ్ట్‌వేర్ల గురించి ఒక్క మాట. సోలార్ లెక్కలకి సామ్ (SAM) ఉచితం, పైథాన్‌లో పీవీలిబ్ ఉచితం, ఇంధన ప్రణాళికలు వేసే లీప్ (LEAP) విద్యార్థులకి ఉచితం. హోమర్‌కి డబ్బు కట్టాలి. దేన్ని వాడినా డిఫాల్టు విలువలు మార్చండి: వడ్డీ రేటు, మురికి నష్టం, డీజిల్ ధర, లోడు ఆకారం (రోజులో ఏ గంటకి ఎంత కరెంటు వాడతారో). ఈ రంగం తెలిసినవాళ్లు డిఫాల్ట్ లోడ్ కర్వ్‌ని చూడగానే గుర్తుపడతారు.

తిరుమలలో 2002లో పెట్టిన సోలార్ ఆవిరి వంట వ్యవస్థ లెక్కలు చేసుకోవడానికి చక్కటి అభ్యాసం. 106 డిష్‌లు (ఎండని ఒక చోటికి చేర్చే అద్దాల పళ్లేలు), ఒక్కోటి 9 చదరపు మీటర్లకి పైన, రోజుకి 4,000 కేజీల ఆవిరి, 180 డిగ్రీలు, 10 కేజీల ప్రెషరు అని దాని డిజైన్ అంకెలు. స్టీమ్ టేబుల్స్ తీసి చూడండి: 30 డిగ్రీల నీటి నుంచి ఆ ఆవిరి చేయడానికి కేజీకి దాదాపు 2,650 కిలోజౌళ్లు. మొత్తం 2,900 యూనిట్ల పైచిలుకు వేడి. డిష్‌ల వైశాల్యంతో భాగిస్తే చదరపు మీటరుకి 3 యూనిట్లు. నేరుగా పడే ఎండ రోజుకి 5 యూనిట్లున్న రోజే ఇది సాధ్యం, 60 శాతం సామర్థ్యంతో. మబ్బు రోజున ప్యానెల్ ఎంతో కొంత ఇస్తుంది, డిష్ ఏమీ ఇవ్వదు. అందుకే ఇలాంటి వ్యవస్థకి పక్కన బాయిలర్ తప్పదు.

వంట ఇంధనం మీద సర్వే చేసేవాళ్లు ప్రశ్నాపత్రం తెలుగులో, ఇంట్లో మాట్లాడే మాటల్లో రాసుకోండి, వంట చేసే మనిషినే అడగండి. "నెలకి ఎంత గ్యాస్ వాడతారు" అంటే ఎవరూ చెప్పలేరు. "సిలిండరు ఎన్ని రోజులొస్తుంది, స్నానానికి నీళ్లు దేని మీద కాస్తారు" అనాలి. ఉజ్వల కనెక్షన్ ఉన్న ఇళ్లలో కూడా నీళ్లు కాచడం, దాణా ఉడకబెట్టడం కట్టెల మీదే జరుగుతుంటుంది. కట్టెల మోపు తూకం వేసి ఇచ్చి, మర్నాడు మిగిలింది తూచండి, కనీసం మూడు రోజులు వరసగా, అందులో పండగ రోజు రాకుండా. ఒక సిలిండర్‌లోని 14.2 కేజీల గ్యాస్ చేసే పనికి మూడు రాళ్ల పొయ్యిలో సుమారు 200 కేజీల కట్టెలు కావాలి. ఆ కట్టెలు ఏరుకొచ్చే గంటలు ఎవరివో కూడా ఆ కాగితం మీదే రాసుకోండి.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీల సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే ఇది క్యాలెండర్ సమస్య. చిత్తూరు చుట్టూ తోతాపురి గుజ్జు ఆడేది జూన్, జూలైల్లో. ఎం.టెక్ థీసిస్ మొదలయ్యేది రెండో ఏడాది జూలై, ఆగస్టుల్లో. టాపిక్ ఒప్పుకుని, లిటరేచర్ చదివి, ఫ్యాక్టరీకి వెళ్లేసరికి బాయిలర్ చల్లారి ఉంటుంది. అందుకే మొదటి ఏడాది చివరి వేసవి సెలవుల్లోనే కొలతలు ముగించాలి. అక్కడ ఆవిరి మీటరు ఉండదనే అనుకుని వెళ్లండి. ఫీడ్‌వాటర్ (బాయిలర్‌కి పోయే నీళ్లు) ట్యాంకు కొలతలు తీసుకుని, స్కేలుతో గంటగంటకీ మట్టం రాసుకుంటే ఆవిరి లెక్క వస్తుంది. ఆ సమయంలో బ్లోడౌన్ (బాయిలర్ లోపలి మురికి నీళ్లు బయటికి వదలడం) ఇస్తే ఆ నీళ్లు విడిగా తీసేయాలి. కట్టెలు తూచడంతో పాటు ముక్కలు సీలు చేసిన కవర్లో తెచ్చి 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంత దాకా ఆరబెట్టండి. తేమ 20 శాతమున్న కట్టెకీ 40 శాతమున్న కట్టెకీ బాయిలర్ సామర్థ్యం పూర్తిగా మారిపోతుంది, ఫ్యాక్టరీ కొనేది మాత్రం ఒకే టన్ను ధరకి. కండెన్సేట్ (ఆవిరి చల్లారి అయిన వేడి నీళ్లు) వెనక్కి వస్తోందా, కాలువలోకి పోతోందా చూడండి. ఫీడ్‌వాటర్ ప్రతి 6 డిగ్రీలు వేడెక్కితే ఇంధనం దాదాపు ఒక శాతం తగ్గుతుంది. నా లెక్కన మొదటి సిఫారసు ఎక్కువ చోట్ల ఇదే అవుతుంది.

తొక్కలూ టెంకలూ కలిపి పండు బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటాయి. వాటితో బయోగ్యాస్ అనగానే అందరికీ ఉత్సాహం. తొక్క పులుపు. డైజెస్టర్‌లో (గ్యాస్ తయారయ్యే తొట్టి) ఒకేసారి వేస్తే పీహెచ్ 6.5 కిందికి పడి, మీథేన్ చేసే సూక్ష్మజీవులు ఆగిపోతాయి. గ్యాస్ బుడగలు వస్తూనే ఉంటాయి కానీ అందులో కార్బన్ డయాక్సైడే ఎక్కువ, మంట పట్టదు. ముందు పేడ స్లర్రీతో నడిపి, తొక్క వాటా వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. రోజూ పీహెచ్ చూడాలి, పడిపోతుంటే మేత ఆపాలి, తప్పనిసరైతే సున్నం. ల్యాబులో గ్యాస్‌ని నీళ్ల మీద కొలిచేటప్పుడు మామూలు నీళ్లు వాడితే కార్బన్ డయాక్సైడ్ కరిగిపోయి మీథేన్ శాతం ఎక్కువ కనిపిస్తుంది. ఉప్పు బాగా కలిపిన నీళ్లు, కొంచెం ఆమ్లంతో వాడండి.

ఫ్యాక్టరీ అనుమతి ఉత్తరం మార్చిలోనే పెట్టండి, ఏప్రిల్ దాటితే వాళ్లు సీజను ఏర్పాట్లలో పడి జవాబివ్వరు. ఉత్తరంలో నాలుగు సంగతులు స్పష్టంగా ఉండాలి: ఏ యంత్రాలు కొలుస్తారు, ఉత్పత్తి ఒక్క నిమిషం కూడా ఆగదని హామీ, ఫ్యాక్టరీ పేరు థీసిస్‌లో రాయబోమని, రిపోర్టు కాపీ ముందు వాళ్లకే ఇస్తామని. మే నెలలో ఒకసారి వెళ్లి ట్యాంకు కొలతలు, ప్యానెల్ బోర్డు ఫొటోలు, థర్మామీటరు పెట్టే చోట్లు చూసుకుని వస్తే, జూన్‌లో మొదటి లారీ కాయ దిగిన రోజు నుంచే కొలతలు మొదలుపెట్టొచ్చు.